పని మధ్యలో పెరిగే బిల్లు: నగర రైలు నిర్మాణంలో మార్పు ఉత్తర్వుల పర్యవేక్షణ

2017లో కాల్గరీ నగర మండలి గ్రీన్ లైన్ అనే కొత్త పట్టణ రైలు మార్గపు మొదటి దశకు ఆమోదం తెలిపినప్పటి లెక్క ఇది: 20 కిలోమీటర్లు, 14 స్టేషన్లు, 465 కోట్ల డాలర్లు. 2024 జూలై 30న నగర మండలి 10–5 ఓట్లతో ఆమోదించిన లెక్క ఇది: సుమారు 10 కిలోమీటర్లు, 7 స్టేషన్లు, 624.8 కోట్ల డాలర్లు. ఏడేళ్ళలో దారి సగానికి తగ్గింది, ఖర్చు మూడో వంతుకు పైగా పెరిగింది. మిగిలిన పది కిలోమీటర్లలోనే నగర కేంద్రం కింది సొరంగం ఉన్నదనీ, మొత్తం మార్గంలో ఖరీదైన ముక్క అదేననీ ఒప్పుకున్నా, ఈ రెండు లెక్కల మధ్య దూరం సామాన్య పౌరుణ్ణి నివ్వెరపరిచేదే.

ఇటువంటి వార్త చదవగానే మనలో చాలామందికి తోచే మాట ఒకటే: ఎవరో తినేశారు. తెలుగు పత్రికలలో 'అంచనాల పెంపు' అనే శీర్షికను దశాబ్దాలుగా చదివిన వాళ్ళం గనుక ఈ అనుమానం మనకు సహజం. కానీ ప్రభుత్వ నిర్మాణాలలో ఖర్చు పెరగడానికి అవినీతి ఒక కారణం మాత్రమే. చాలా చోట్ల అది ప్రధాన కారణం కూడా కాదు. ఒప్పందం కుదిరిన తరువాత పని మారుతుంది. మారిన పనికి కొత్త ధర కట్టాలి. ఆ ధర ఎవరు కట్టారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు మళ్ళీ చూశారు అన్న దాని మీద డబ్బు నిలవడమో కారిపోవడమో ఆధారపడి ఉంటుంది. ఇంజనీర్లు ఛేంజ్ ఆర్డర్ అని పిలిచే ఆ చిన్న కాగితాన్ని గురించే ఈ వ్యాసం. దాన్ని ఇక్కడ మార్పు ఉత్తర్వు అందాం. వైద్యుడిగా నాకు ఈ రంగంలో అధికారమేమీ లేదు. అయితే ముందుగా ఒప్పుకున్న పనికీ, కోసి చూశాక చేయవలసి వచ్చిన పనికీ మధ్య ఉండే తేడా, ఆ తేడాకు ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న, మా వృత్తిలోనూ రోజూ ఎదురయ్యేవే.

మార్పు ఉత్తర్వు అంటే ఏమిటి

టెండరు పిలిచినప్పుడు యజమాని (ఇక్కడ నగరమో, రాష్ట్రమో) కొన్ని నక్షాలు, కొన్ని పరిమాణాలు చూపించి ధర చెప్పమంటాడు. కాంట్రాక్టరు ఆ నక్షాలకు ధర చెబుతాడు. తవ్వడం మొదలుపెట్టాక నక్షాకూ నేలకూ పొసగకపోతే నక్షా మార్చాలి. యజమానికి మార్చమనే హక్కు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మార్చినందుకు డబ్బూ గడువూ సవరించమని అడిగే హక్కు కాంట్రాక్టరుకూ అందులోనే రాసి ఉంటుంది.

కెనడాలో ఎక్కువగా వాడే సీసీడీసీ 2 అనే నమూనా ఒప్పందంలో ఆరవ భాగమంతా ఈ మార్పుల గురించే. అందులో రెండు దారులున్నాయి. మొదటిది మార్పు ఉత్తర్వు: ఏమి మారుతోంది, ఎంత ధర, ఎన్ని రోజులు అన్న మూడింటి మీద ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాక పని మొదలవుతుంది. రెండవది మార్పు ఆదేశం: ధర తేలే దాకా ఆగలేని పరిస్థితిలో యజమాని ముందు పని చేయమంటాడు, లెక్క తరువాత తేల్చుకుంటారు. నేలలో దాగి ఉన్న పరిస్థితులకు, ఆలస్యాలకు, క్లెయిములకు వేరు వేరు నిబంధనలున్నాయి. ప్రపంచంలో చాలా దేశాలలో వాడే ఫిడిక్ 1999 నమూనాలో 13వ నిబంధన మార్పులకు సంబంధించినది. అదనంగా రావలసినది ఉందని కాంట్రాక్టరు భావిస్తే, విషయం తెలిసిన 28 రోజులలోపు నోటీసు ఇవ్వాలని 20వ నిబంధన చెబుతుంది. మన రాష్ట్రాలలో ఎక్స్‌ట్రా ఐటమ్ అనీ, డీవియేషన్ అనీ, సవరించిన అంచనా అనీ వ్యవహరించేవి ఈ కుటుంబానికి చెందినవే.

మార్పు ఆదేశాన్ని శస్త్రచికిత్సతో పోల్చి చూస్తే దాని బలమూ ప్రమాదమూ రెండూ బోధపడతాయి. అపెండిక్స్ కోసం కడుపు తెరిచిన సర్జనుకు ప్రాణాపాయకరమైన రక్తస్రావం కనబడితే, రోగిని లేపి అనుమతి అడగడు. ఆపవలసింది ఆపుతాడు, చేసినదంతా రాసిపెడతాడు, తరువాత చెబుతాడు. కానీ 'ఎలాగూ తెరిచాను గదా' అని రోగి ఒప్పుకోని మరో పని చేస్తే అది నేరం. నిర్మాణంలోనూ అంతే. సొరంగంలోకి నీళ్ళు వస్తుంటే ధర బేరమాడుతూ కూర్చోలేరు. అయితే ఆ అత్యవసర ద్వారం ఒకసారి తెరుచుకున్నాక అత్యవసరం కాని పనులు కూడా దానిలోంచే రావడం మొదలుపెడతాయి. ముందు పని, తరువాత ధర అన్నది అలవాటైన చోట యజమాని చేతిలో బేరమాడే బలం మిగలదు. పని అయిపోయిన తరువాత అడిగే ప్రశ్న 'ఎంత ఇవ్వాలి' అన్నదే తప్ప 'చేయాలా వద్దా' అన్నది కాదు.

మార్పులు ఎక్కడి నుంచి వస్తాయి

మొదటి కారణం నేల. కాల్గరీ నగర కేంద్రం బో నది ఒడ్డున, హిమానీనదాలు, ఏర్లు వదిలిన కంకర మేటల మీద ఉంది. కంకర కింద మెత్తని రాతి పొరలు, కంకరలో భూగర్భజలం. బోరుబావి వేసినట్టు అక్కడక్కడ రంధ్రాలు వేసి చూసిన దానిని బట్టి మొత్తం దారిని ఊహించాలి. రెండు రంధ్రాల మధ్య ఏముందో తవ్వితేనే తెలుస్తుంది. ఎడ్మంటన్‌లో వ్యాలీ లైన్ వంతెన కోసం నార్త్ సస్కాచువాన్ నదిలో దిగినప్పుడు నక్షాలలో లేని పెద్ద కాంక్రీటు దిమ్మ ఒకటి అడ్డుపడి పని ఆలస్యమైంది.

రెండవది భూమిలోని పాత తీగలు, గొట్టాలు. నీళ్ళు, మురుగు, గ్యాసు, విద్యుత్తు, టెలిఫోను మార్గాలను వేరు వేరు సంస్థలు వేరు వేరు కాలాలలో వేశాయి. పాత నక్షాలలో ఉన్న చోట అవి ఉండవు, లేని చోట ఉంటాయి. అందుకే పెద్ద రైలు పనులలో ఈ గొట్టాలను పక్కకు మార్చే పనిని ముందుగానే వేరే కాంట్రాక్టుగా చేస్తారు. గ్రీన్ లైన్‌లోనూ అలాగే చేశారు.

మూడవది నక్షాలోని తప్పులు. దీనికి మంచి సాక్ష్యం ఒంటారియోలో ఉంది. ఆ రాష్ట్రపు ఆడిటర్ జనరల్ 2016 నివేదికలో మెట్రోలింక్స్ సంస్థ చేపట్టిన ఆరు పనులను పరీక్షించారు. వాటి తొలి నిర్మాణ వ్యయం మొత్తం సుమారు 17.8 కోట్ల డాలర్లు. డిజైను సలహాదారుల పొరపాట్లు, మరచిపోయిన అంశాల వల్లనే మరో 2.25 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని, అంటే దాదాపు 13 శాతం, ఆ నివేదిక తేల్చింది. ఆ తప్పు చేసిన సలహాదారుల నుంచి సొమ్ము రాబట్టే ప్రయత్నం గానీ, తరువాతి పనులు ఇచ్చేటప్పుడు పాత తప్పులను లెక్కలోకి తీసుకోవడం గానీ సరిగా జరగలేదన్నదే అందులో అసలు అభియోగం. ఆ నివేదికలోనే పాదచారుల వంతెన ఉక్కు చట్రాన్ని తలకిందులుగా అమర్చిన కాంట్రాక్టరు కథ కూడా ఉంది.

నాలుగవది యజమాని కోరికలు: స్టేషను ఇక్కడ కాదు అక్కడ, నేల మీద కాదు కింద, ద్వారం ఒకటి చాలదు రెండు. ఐదవది మూడో పక్షాలు: పక్కనే సరుకుల రైలు నడిపే కంపెనీ పెట్టే షరతులు, అగ్నిమాపక శాఖ కొత్త నిబంధన, కోర్టు ఉత్తర్వు.

ఈ కారణాలను విడివిడిగా చెప్పడం వర్గీకరణ సరదా కోసం కాదు. ప్రతి కారణానికీ డబ్బు చెల్లించవలసిన వాడు వేరు. నేల మారితే సాధారణంగా యజమాని భరించాలి. నక్షా తప్పయితే సలహాదారు వృత్తి బీమా భరించాలి. కోరిక మారితే కోరినవాడు సమాధానం చెప్పాలి. కట్టిన పనే తప్పయితే కాంట్రాక్టరు భరించాలి. అందుచేత ప్రతి మార్పు ఉత్తర్వు మీదా కారణం రాయకపోతే అన్నీ ఒకే ఖాతాలో, పన్ను కట్టేవాడి ఖాతాలో పడతాయి. రోగ నిర్ణయం లేకుండా మందు ఖర్చు మాత్రం రాసుకున్న కేసు షీటు ఎంత ఉపయోగమో, కారణం రాయని మార్పుల పట్టిక కూడా అంతే ఉపయోగం.

పోటీ లేని బేరం

టెండరు రోజున నలుగురు పోటీ పడతారు. ఒప్పందం అయ్యాక మిగిలేది ఒక్కడు. అతని యంత్రాలు అప్పటికే గోతిలో ఉన్నాయి, రోడ్డు మూసి ఉంది. అదనపు పనికి అతడు చెప్పిన ధర నచ్చకపోతే వేరే వాణ్ణి తెచ్చుకునే వీలు సిద్ధాంతంలోనే ఉంటుంది. అందుకే కొందరు టెండరులో తక్కువకు పాడి, మార్పులలో లాభం వెతుక్కుంటారు. ఇందులో చట్టానికి లోబడినదీ ఉంది, లోబడనిదీ ఉంది.

మొదటి రకానికి ఒక ఊహా లెక్క చూద్దాం. టెండరులో రాతి తవ్వకం 1,000 ఘనపు మీటర్లు, మట్టి తవ్వకం 10,000 ఘనపు మీటర్లు అని రాశారనుకోండి. మొదటి కాంట్రాక్టరు రాతికి 100, మట్టికి 20 డాలర్ల చొప్పున పాడితే మొత్తం 3,00,000. రెండవవాడు రాతికి 170, మట్టికి 12 పాడితే మొత్తం 2,90,000. తక్కువకు పాడిన రెండవవాడికే పని దక్కుతుంది. తవ్వాక రాయి 3,000, మట్టి 8,000 అని తేలింది. మొదటివాడికి పని ఇచ్చి ఉంటే అయ్యే ఖర్చు 4,60,000. రెండవవాడికి ఇచ్చినందున అయినది 6,06,000. పదివేలు ఆదా చేసి దాదాపు లక్షన్నర పోగొట్టుకున్నారు. ఇందులో దొంగ సంతకం ఒక్కటీ లేదు. టెండరు పరిమాణాలలో రాయి తక్కువగా చూపారని అతడు ముందే పసిగట్టాడు, అంతే. ఇటువంటి అసమతుల ధరలను టెండరు విప్పిన రోజునే పట్టుకోవాలి. తరువాత పట్టుకున్నా చేయగలిగేది కొంచెమే. అయితే ఆ పరిమాణాల బలహీనత గురించి అతనికి లోపలివారెవరైనా చెప్పి ఉంటే అది రెండవ రకం అవుతుంది.

ఆ రెండవ రకానికి కెనడాలో పేరుమోసిన ఉదాహరణ క్విబెక్. 2011లో ఏర్పడిన షార్బనో కమిషన్ ముందు వెల్లడైన పద్ధతులలో 'దొంగ అదనాలు' ముఖ్యమైనవి. కాంట్రాక్టర్లు కూడబలుక్కుని పనులు పంచుకోవడం, ఆ తరువాత నగర ఇంజనీర్ల సహకారంతో జరగని పనికో, జరిగిన దానికంటే ఎక్కువ పనికో అదనపు బిల్లు పెట్టడం, అందులో వాటాలు పంచడం. తనకు ముట్టిన లంచాల గురించి మాంట్రియల్ నగర ఇంజనీరు ఒకరు 2012లో కమిషన్ ముందే సాక్ష్యమిచ్చారు. 2014లో ఆ నగరం స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయాన్ని నెలకొల్పింది. 2015 నవంబరులో కమిషన్ నివేదిక వెలువడిన తరువాత రాష్ట్ర స్థాయిలో ప్రభుత్వ కాంట్రాక్టుల మీద ప్రత్యేక అధికార సంస్థ వచ్చింది. లంచం అనేది 'అక్కడి' దేశాల వ్యవహారమని భావించేవారికి ఆ సాక్ష్యాలు చదవదగినవి.

చూడవలసిన నాలుగు చోట్లు

మంచి పర్యవేక్షణ అంటే ఎక్కువ సంతకాలు కాదు. సరైన ప్రశ్నను సరైన మనిషి సరైన సమయంలో అడగడం. ఆ ప్రశ్నలు స్థూలంగా నాలుగు.

మొదటిది అర్హత: ఈ పని అసలు ఒప్పందంలో లేదా? ఉన్న పనినే కొత్తగా చూపించి మళ్ళీ డబ్బడుగుతున్నారా? దీనికి జవాబు ఒప్పందం చదివినవాడు చెప్పాలి. డిజైను తప్పో కాదో తేల్చే పని ఆ డిజైను గీసిన సంస్థకే అప్పగిస్తే ఫలితం ఊహించవచ్చు. మందు రాసేవాడే మందుల కొట్టు పెట్టుకున్నప్పుడు వచ్చే సందేహమే ఇక్కడా వస్తుంది.

రెండవది మొత్తం: అర్హత ఉంటే ఎంత? కాంట్రాక్టరు ధర చూడకముందే యజమాని పక్షాన స్వతంత్ర అంచనా వేసి పెట్టుకోవాలి. చూసిన తరువాత వేసే అంచనా ఆ ధర చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో ఫెడరల్ నిధులతో కట్టే రైలు పనులలో, నిర్ణీత మొత్తం దాటిన ప్రతి కొనుగోలుకూ, ఒప్పంద సవరణకు సైతం, ధర విశ్లేషణ తప్పనిసరి. అయిన ఖర్చు మీద ఇంత శాతం లాభమనే ఒప్పందాలు అక్కడ నిషిద్ధం. ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. ఖర్చు పెరిగే కొద్దీ లాభం పెరిగేవాడు ఖర్చు తగ్గించడు.

మూడవది అధికారం: ఎంత మొత్తం దాకా ఎవరు సంతకం చేయవచ్చు? సైటు ఇంజనీరుకు ఒక పరిమితి, ప్రాజెక్టు అధిపతికి ఒకటి, బోర్డుకు ఒకటి ఉంటాయి. ఇక్కడ పాత ఎత్తు ఒకటి ఉంది: పెద్ద మార్పును చిన్న ముక్కలు చేసి ప్రతి ముక్కనూ పరిమితికి లోపల ఉంచడం. దీన్ని పట్టుకోవాలంటే ఒక్కొక్క ఉత్తర్వును కాక, ఒకే కారణంతో, ఒకే చోట వచ్చిన వాటిని కలిపి చూడాలి. పరిమితి ఒక్క కాగితానికి కాక మొత్తానికి వర్తించాలి.

నాలుగవది సమయం: ఆమోదానికి ముందు పని మొదలైందా, తరువాతా? ఎన్ని మార్పులు ఇంకా ధర తేలకుండా ఉన్నాయి? ప్రజల ముందుకు వచ్చే నివేదికలలో సాధారణంగా ఆమోదించిన మార్పుల మొత్తమే ఉంటుంది. అసలు ప్రమాదం పెండింగులో ఉన్నవాటిలో ఉంటుంది. పైగా ఆలస్యం ధర వేరుగా వస్తుంది: గోడ మందం పెంచినందుకు కాంక్రీటు ఖర్చు కొద్దిపాటిదే కావచ్చు, ఆ నిర్ణయం వచ్చే దాకా క్రేనూ సిబ్బందీ ఖాళీగా ఉన్నందుకు అయ్యేది దానికి అనేక రెట్లు.

ఆకస్మిక నిధిని కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ప్రతి బడ్జెట్టులో ఊహించని వాటికోసం కొంత మొత్తం పక్కన పెడతారు. పెట్టడం సరైనదే. అయితే అది ఉన్నదని తెలిసిన క్షణం నుంచి అది ఖర్చు పెట్టవలసిన సొమ్ముగా మారిపోతుంది. పని ఎంత శాతం అయింది, నిధి ఎంత శాతం కరిగింది అన్న రెండు అంకెలను పక్కపక్కన చూపిస్తే చాలు, మామూలు పౌరుడికి కూడా ఆరోగ్యం ఎలా ఉందో తెలుస్తుంది. పని ముప్ఫై శాతం కాగానే నిధి డెబ్భై శాతం అయిపోతే, ఆ రోగి ఇంటికి క్షేమంగా చేరడని చెప్పడానికి నిపుణుడు అక్కరలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అతి నిఘా వల్ల చేటు తక్కువేమీ కాదు. సంతకం పెడితే విజిలెన్సు వస్తుందన్న భయంతో ఫైలు బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ఉంటే, న్యాయంగా ఇవ్వవలసిన డబ్బు ఆగిపోతుంది, పని ఆగిపోతుంది, చివరికి మధ్యవర్తుల తీర్పుతో వడ్డీ సహా కట్టవలసి వస్తుంది. భారతదేశంలో ప్రభుత్వ సంస్థలకు ఇది తెలియని అనుభవం కాదు. సంతకం పెట్టినవాణ్ణి మాత్రమే ప్రశ్నించి, పెట్టకుండా కూర్చున్నవాణ్ణి ప్రశ్నించని వ్యవస్థ నిఘా పేరుతో ఆలస్యాన్ని కొంటుంది.

రిస్కు అమ్మేశామన్న భ్రమ

ఈ తలనొప్పంతా ఎందుకని, డిజైను, నిర్మాణం, పెట్టుబడి, కొన్ని చోట్ల నిర్వహణ కూడా కలిపి ఒకే ప్రైవేటు కూటమికి ఒక స్థిరమైన ధరకు ఇచ్చేస్తే మార్పు ఉత్తర్వులే ఉండవన్న ఆలోచన కెనడాలో రెండు దశాబ్దాలుగా బలంగా ఉంది. మన రాష్ట్రాలలో నీటి ప్రాజెక్టులకు ఈపీసీ విధానం తెచ్చినప్పుడు వినిపించిన వాదన కూడా దాదాపు ఇదే.

అనుభవం మిశ్రమంగా ఉంది. ఎడ్మంటన్ వ్యాలీ లైన్‌ను ఇలాగే ఇచ్చారు. 13 కిలోమీటర్ల మార్గం, 180 కోట్ల డాలర్లు. 2020 చివర తెరవవలసినది 2023 నవంబరు 4న తెరిచారు. 2022లో 45 కాంక్రీటు స్తంభాలలో 21 బీటలు వారినట్టు బయటపడింది. అటువంటి మరమ్మతు ఖర్చు కూటమి భరించాలన్నది ఈ పద్ధతిలోని లాభం. నగరానికి పోయినది మూడేళ్ళ కాలం. టొరాంటోలో ఎగ్లింటన్ క్రాస్‌టౌన్ మార్గానికి కూడా ఇదే తరహా ఒప్పందం. అయినా ఆలస్యాల మీద నిర్మాణ కూటమి వేసిన క్లెయిములు తేల్చుకోవడానికి మెట్రోలింక్స్ 23.7 కోట్ల డాలర్లు చెల్లించిందని ఒంటారియో ఆడిటర్ జనరల్ 2018 నివేదిక చెప్పింది. రిస్కు బదిలీ అయిందని నమ్మి ఎక్కువ ధర కట్టి, ఆ రిస్కుకే మళ్ళీ విడిగా కట్టడం ఇది.

ఒటావా కథ మరీ ఆలోచింపజేస్తుంది. 210 కోట్ల డాలర్ల కాన్ఫెడరేషన్ లైన్ ఒప్పందంలో నేల స్వభావపు రిస్కును కూడా ప్రైవేటు కూటమి తీసుకుంది. 2016 జూన్ 8న సొరంగ మార్గం మీదనే రిడో వీధి కుంగి పెద్ద గొయ్యి పడింది. షెడ్యూలు తలకిందులైంది. కాగితం మీద రిస్కు ఎవరిదైనా, ఆలస్యమైన రైలు నగరానిదే. 2019 సెప్టెంబరులో మార్గం తెరిచాక వరుస వైఫల్యాలు, పట్టాలు తప్పడాలు. విచారణ జరిపిన జస్టిస్ విలియం హౌరిగన్ 2022 నవంబరు 30న ఇచ్చిన నివేదికలో 103 సిఫారసులు ఉన్నాయి.

అందులో మన విషయానికి దగ్గరైనది ఒకటుంది. ప్రారంభానికి ముందు 12 రోజుల పరీక్షా పరుగులో సాధించవలసిన ప్రమాణాన్ని పరీక్ష జరుగుతుండగానే 98 శాతం నుంచి 96 శాతానికి తగ్గించారు, 12 రోజులకు బదులు అందులో మేలైన 9 రోజులు చాలన్నారు. ఈ మార్పు నగర మండలికి చెప్పలేదు. ఆ దాపరికాన్ని విచారణాధిపతి ప్రజల నమ్మకానికి జరిగిన ఘోరమైన ద్రోహంగా పరిగణించారు. ఆ మార్పులో ఒక్క డాలరు కూడా చేతులు మారలేదు గనుక డబ్బు పరిమితుల మీద మాత్రమే కట్టిన నిఘాకు అది చిక్కదు. మార్పు ఉత్తర్వులు ధరకు సంబంధించినవి మాత్రమే కావు. నాణ్యత తగ్గించడం, పరీక్ష సడలించడం, వస్తువు మార్చడం కూడా మార్పులే. ప్రాణాల మీదికి వచ్చేవి సాధారణంగా ఇవే.

కాల్గరీలో జరిగినది

కాల్గరీకి పట్టణ రైలు కొత్త కాదు. సీ-ట్రైన్ 1981 మే 25న మొదలైంది. 2012 డిసెంబరులో 8.2 కిలోమీటర్ల పడమటి శాఖ తెరిచారు. గ్రీన్ లైన్ మాత్రం సంక్లిష్టతలో వేరు. మొత్తం 46 కిలోమీటర్ల కలగా మొదలై, 2015లో ఫెడరల్ ప్రభుత్వం సుమారు 150 కోట్ల డాలర్ల వాగ్దానం చేయడంతో ప్రాణం పోసుకుంది. రాష్ట్రం కూడా దాదాపు అంతే ఇస్తానన్నది. మిగిలినదీ, పెరిగిన ఖర్చూ నగరం మీద పడతాయి.

పర్యవేక్షణ గురించి నగరం ఆలోచించలేదని అనలేము. రాజకీయ నాయకులు రోజువారీ నిర్మాణాన్ని నడపలేరన్న విమర్శ మీద, పెద్ద ప్రాజెక్టుల అనుభవం గలవారితో ప్రత్యేక గ్రీన్ లైన్ బోర్డును ఏర్పాటు చేశారు. నగర ఆడిటరు ఆడిట్ కమిటీ ద్వారా మండలికే నేరుగా జవాబుదారీ. 2023లో బో ట్రాన్సిట్ కనెక్టర్స్ అనే కూటమిని అభివృద్ధి భాగస్వామిగా ఎంచుకున్నారు. ఈ పద్ధతిలో ధర ముందే కట్టరు. యజమానీ నిర్మాతా కలిసి డిజైను ముందుకు తీసుకువెళ్ళి, నేలనూ గొట్టాలనూ పరీక్షించి, ఆ తరువాత ధర తేలుస్తారు. తరువాత పుట్టబోయే మార్పు ఉత్తర్వులను ముందే కాగితం మీద పుట్టించి చంపడం దీని ఉద్దేశం.

2024లో బయటపడిన పెరుగుదలను ఈ కోణం నుంచి చూడాలి. అది నిర్మాణం మధ్యలో కాంట్రాక్టరు పెట్టిన బిల్లు కాదు, ప్రధాన నిర్మాణ ఒప్పందానికి ముందు బయటపడిన నిజం. చేదు నిజమైనా అది తెలియవలసిన సమయంలోనే తెలిసింది. పద్ధతి విఫలం కాలేదు. పాత అంచనాలే వాస్తవానికి దూరంగా ఉన్నాయి. 20 దేశాలలోని 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి బెంట్ ఫ్లీవ్‌బియర్గ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రైలు పనులలో అసలు ఖర్చు అంచనా కంటే సగటున 45 శాతం ఎక్కువని తేలింది. అంచనా తక్కువగా ఉండడమే ఆనవాయితీ అయినప్పుడు, తరువాతి మార్పులలో కొన్ని నిజంగా మార్పులు కావు. మొదట చెప్పకుండా దాచిన ధర వాయిదాలలో బయటికి రావడమే.

ఆ తరువాత జరిగినదాన్ని ఏ ఒప్పంద నిబంధనా ఊహించలేదు. జూలైలో మండలి కుదించిన మార్గాన్ని ఆమోదించింది. సెప్టెంబరు 3న రాష్ట్ర రవాణా మంత్రి ఆ మార్గానికి నిధులు ఇవ్వమని లేఖ రాశారు. సెప్టెంబరు 17న మండలి ప్రాజెక్టును మూసివేసే పని మొదలుపెట్టాలని తీర్మానించింది. అప్పటికి అయిన ఖర్చు సుమారు 130 కోట్లు. మూసివేతకు కనీసం మరో 85 కోట్లు అవుతాయన్నారు. సొరంగానికి బదులు నగర కేంద్రంలో వంతెన మీద రైలు నడిపే ప్రతిపాదనను రాష్ట్రం ఏకామ్ సంస్థ చేత తయారు చేయించి డిసెంబరులో ముందుకు తెచ్చింది. 2025లో ఆగ్నేయ భాగం వరకు పని మళ్ళీ కదిలింది. నగర కేంద్రం సంగతి విడిగా తేల్చుకోవాలన్నారు.

సొరంగమా వంతెనా అన్నది నిజాయితీగా వాదించదగిన విషయమే. ఇరుపక్షాలలోనూ వివేకవంతులున్నారు. నా పరిశీలన వేరు. సైటు ఇంజనీరు ఒక మురుగు గొట్టాన్ని రెండు మీటర్లు పక్కకు జరపాలంటే కారణం, స్వతంత్ర అంచనా, గడువు మీద ప్రభావం, పై అధికారి సంతకం కావాలి. కోట్ల డాలర్ల ఖరీదు చేసే మలుపు తిప్పడానికి మాత్రం ఒక లేఖ సరిపోయింది. మూసివేత ఖర్చు ఎంతో, దాన్ని ఎవరు భరిస్తారో ఆ లేఖకు ముందే బహిరంగంగా తేల్చి ఉండవలసింది. ప్రాజెక్టు జీవితంలో అతి ఖరీదైన మార్పు ఉత్తర్వు మీద ఆ పేరు ఉండదు గనుక, దాని మీద మార్పు ఉత్తర్వుకుండే కనీస నిఘా కూడా ఉండదు.

హైదరాబాదు వైపు ఒక చూపు

హైదరాబాదు మెట్రో చరిత్ర కూడా ఇదే చెబుతుంది. భూముల కేటాయింపు తీరును తప్పుపడుతూ శ్రీధరన్ 2008లో రాసిన లేఖ, 2009లో సత్యం కుంభకోణం తరువాత మేటాస్ కూటమి ఒప్పందం రద్దు, 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం, 2017 నవంబరులో మొదటి రైలు. మధ్యలో రాష్ట్ర విభజన, శాసనసభ, సుల్తాన్‌బజారు, పాతబస్తీల దగ్గర మార్గం మార్చాలన్న డిమాండ్లు, ఆస్తుల సేకరణలో ఆలస్యాలు. ప్రైవేటు పెట్టుబడితో కట్టినది గనుక ఖర్చు పెరిగితే కంపెనీకే నష్టమని మొదట్లో అనుకున్నారు. కానీ ప్రభుత్వం చేసిన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు కంపెనీకి ఉంటుంది. ఆ క్లెయిములు ఏళ్ళ తరబడి నడిచాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో, వంద కోట్లు పైబడిన పనుల టెండరు పత్రాలను న్యాయమూర్తి ముందుగా పరిశీలించాలని చట్టం తెచ్చారు. ఉద్దేశం మంచిదే. అయితే అది అమలులో ఉన్నప్పుడు పరిశీలించినది టెండరుకు ముందున్న కాగితాన్ని. ఈ వ్యాసమంతా చెబుతున్నది టెండరు తరువాతి కాగితాల గురించి. పెళ్ళినాడు జాతకాలు ఎంత జాగ్రత్తగా చూసినా కాపురం సంగతి వేరు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు ఆ తరువాతి భాగాన్ని చూస్తాయి, కానీ చాలాసార్లు డబ్బు వెళ్ళిపోయిన కొన్నేళ్ళకు. శవపరీక్ష విలువైనదే, దాని వల్ల తరువాతి రోగులు బాగుపడతారు. ఉన్న రోగికి కావలసింది మాత్రం మంచం పక్కన నాడి చూసేవాడు.

పౌరుడు అడగదగినవి

మన పాఠకులలో ఇంజనీర్లు, లెక్కల నిపుణులు, ప్రాజెక్టు మేనేజర్లు చాలామంది. కెనడా, అమెరికా నగరాలలో బడ్జెట్టు సమావేశాలకు వెళ్ళి ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం మామూలు పౌరుడికి ఉంది. మనవాళ్ళు ఆ అవకాశాన్ని అరుదుగా వాడుకుంటారు. గుడి అనుమతి కోసమో, పార్కింగు కోసమో వెళ్ళినంత ఉత్సాహంగా, మన పన్నుల్లోంచి వందల కోట్లు ఖర్చయ్యే పని గురించి వెళ్ళం. వెళ్ళినవారు అడగదగిన ప్రశ్నలు ఇవి.

ఇప్పటిదాకా వచ్చిన మార్పులు ఎన్ని, కారణాలవారీగా వాటి మొత్తం ఎంత? ధర తేలకుండా పెండింగులో ఉన్నవి ఎన్ని? ముందు పని చేయించి తరువాత ఆమోదించినవి ఎంత శాతం? ఆకస్మిక నిధిలో ఎంత మిగిలింది, పని ఎంత మిగిలింది? డిజైను తప్పుల వల్ల వచ్చిన ఖర్చులో సలహాదారుల నుంచి ఎంత రాబట్టారు? డబ్బుతో సంబంధం లేకుండా సడలించిన పరీక్షలు, ప్రమాణాలు ఏమైనా ఉన్నాయా, ఆ సంగతి ఎన్నికైన సభ్యులకు తెలుసా?

వ్యాపార రహస్యం అన్న జవాబు రావచ్చు. బేరం నడుస్తున్నప్పుడు ఒక ఉత్తర్వు ధరను బయటపెట్టలేరన్నది న్యాయమే. బేరం ముగిశాక మొత్తాలు, కారణాలు బయటపెట్టడానికి ఆ అడ్డు లేదు. ఈ ప్రశ్నలకు జవాబులున్న నగరం ఖర్చు పెరిగినా ఎందుకు పెరిగిందో చెప్పగలుగుతుంది. జవాబులు లేని చోట నిజాయితీగా పనిచేసిన ఇంజనీరుకూ దొంగ బిల్లు పెట్టినవాడికీ ప్రజల దృష్టిలో తేడా ఉండదు. అటువంటి ఊరిలో తరువాతి రైలు మార్గానికి ఓటు వేసేవాళ్ళు కరువవుతారు. కాల్గరీ ఆగ్నేయ శివార్లలో పదేళ్ళుగా బస్సు కోసం మంచులో నిలబడుతున్న వారికి ఆ నష్టం అంకెలలో చెప్పనక్కర లేదు.